కోత ఎక్కడుందో తెలియకుండా వర్గమూలం తీయకండి

పైథాన్‌లో 4 అనే సంకీర్ణ సంఖ్యని తీసుకోండి. వాస్తవ భాగం 4, కల్పిత భాగం 0. దాని ముందు ఒక మైనస్ పెట్టి, సంకీర్ణ సంఖ్యల ఫంక్షన్లుండే సీమ్యాత్ మాడ్యూల్‌లోని వర్గమూలం ఫంక్షన్‌కి ఇవ్వండి. జవాబు మైనస్ 2 జె. ఇప్పుడు అదే సంఖ్యని సంకీర్ణ సున్నాలోంచి తీసివేసి, వచ్చినదాన్ని అదే ఫంక్షన్‌కి ఇవ్వండి. జవాబు ప్లస్ 2 జె. రెండుసార్లూ మనం ఇచ్చింది మైనస్ నాలుగే. ఆ రెండూ సమానమేనా అని పైథాన్‌ని అడిగితే అవుననే చెబుతుంది. సమానమైన రెండు సంఖ్యలకి ఒకే ఫంక్షన్ రెండు వేర్వేరు జవాబులు ఇచ్చిందన్నమాట.

ఇది లైబ్రరీలో ఉన్న తప్పు కాదు. లైబ్రరీ రాసినవాళ్లు బాగా ఆలోచించి, కావాలని తీసుకున్న నిర్ణయం. ఆ నిర్ణయం సంగతి తెలియకుండా సంకీర్ణ ఫంక్షన్లు వాడితే ప్రోగ్రాం చాలాకాలం సరిగ్గానే నడుస్తుంది, ఏదో ఒక ఇన్‌పుట్ దగ్గర జవాబు గుర్తు తిరగబడుతుంది. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు. నా వాదన ఒక్కటే: సంకీర్ణ సంఖ్యల లైబ్రరీలో చాలా ఫంక్షన్లకి ఒక కోత (దాటగానే జవాబు ఒక్కసారిగా దూకే గీత) ఉంటుంది, ఆ కోత ఎక్కడుందో చూసుకోవడం ఫార్ములా రాయడం కంటే ముందు జరగాలి. చాలామంది దీన్ని గణితశాస్త్రజ్ఞుల పట్టింపుగా కొట్టిపారేస్తారు. సంకీర్ణ సంఖ్యలు వాడే రోజువారీ కోడ్‌లో చాలా తప్పులు ఇక్కడే పుడతాయని నేను గట్టిగా నమ్ముతాను.

ముందు రాతపద్ధతి గురించి ఒక మాట. గణితంలో ఐ అన్నా, ఇంజనీర్లు జె అన్నా ఒకటే. ఇక్కడ నేను సంకీర్ణ సంఖ్యని (వాస్తవ భాగం, కల్పిత భాగం) అని జతగా రాస్తాను. సున్నా ముందున్న గుర్తు కంటికి కనబడాలంటే ఇదే మంచి పద్ధతి. మొదట్లో చెప్పిన రెండు మైనస్ నాలుగుల్లో ఒకటి (−4, −0), రెండోది (−4, +0).

సున్నాకి రెండు గట్లు

ప్రతి సంకీర్ణ సంఖ్యకీ మాపం, ఆయామం అని రెండు ఉంటాయి: మూలబిందువు నుంచి దూరం, వాస్తవ అక్షంతో చేసే కోణం. దూరంతో పేచీ లేదు. కోణానికే ఉంది. 180 డిగ్రీలన్నా, మైనస్ 180 అన్నా, 540 అన్నా దిశ ఒకటే. ఫంక్షన్ మాత్రం ఒక్క జవాబే ఇవ్వాలి. అందుకని దాదాపు అన్ని లైబ్రరీలూ కోణాన్ని −180 నుంచి 180 డిగ్రీల మధ్య ఉంచుతాయి, రేడియన్లలో అయితే −π నుంచి π. అలా ఉంచినప్పుడు రుణ వాస్తవ అక్షం మొత్తం ఒక అంచుగా మారుతుంది. దానికి కాస్త పైన కోణం 180కి దగ్గర, కాస్త కింద −180కి దగ్గర. ఈ అంచునే బ్రాంచ్ కట్ అంటారు. నేను కోత అంటున్నాను. సంవర్గమానం, వర్గమూలం, ఘాతం మూడూ కోణం మీదే ఆధారపడతాయి కాబట్టి మూడింటి కోతా అక్కడే.

సరిగ్గా కోత మీద నిలబడ్డ సంఖ్యని ఏం చేయాలి? కంప్యూటర్లలో ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యల ప్రమాణం ఐట్రిపుల్‌ఈ 754 1985లో వచ్చినప్పుడే +0, −0 రెండూ ఉన్నాయి. ఆ ప్రమాణం వెనుక ప్రధాన వ్యక్తి విలియం కహన్ 1987లో ఒక పత్రంలో ఈ రెండు సున్నాల వల్ల ఉపయోగం ఏమిటో విడమరచి చూపించాడు: కల్పిత భాగంలోని సున్నా గుర్తు మనం కోతకి ఏ గట్టున ఉన్నామో చెబుతుంది. (−4, +0) అంటే పైగట్టు, కోణం +180. (−4, −0) అంటే కిందిగట్టు, కోణం −180. సీ భాష 1999 ప్రమాణం సీ99 జి అనుబంధంలో ఇదే పద్ధతి చేరింది. పైథాన్ కూడా అదే పాటిస్తుంది.

దీనివల్ల లాభం ఏమిటంటే, సంయుగ్మ సౌష్ఠవం ఎక్కడా చెడదు. ఒక సంఖ్యకి సంయుగ్మం (కల్పిత భాగం గుర్తు మార్చిన సంఖ్య) తీసి వర్గమూలం కట్టినా, వర్గమూలం కట్టి సంయుగ్మం తీసినా ఒకే జవాబు రావాలి. సున్నాకి ఒకే గుర్తు ఉంటే కోత మీద ఈ నియమం విరిగిపోతుంది. రెండు గుర్తులుంటే (−4, +0) సంయుగ్మం (−4, −0) అవుతుంది, వర్గమూలాలు (0, 2), (0, −2) అవుతాయి, నియమం నిలబడుతుంది. అందుకే దీన్ని తప్పు అనలేం.

ఇక ఆ గుర్తు మన కోడ్‌లో ఎలా తారుమారవుతుందో చూడండి. (4, 0) ముందు మైనస్ పెడితే రెండు భాగాల గుర్తులూ మారతాయి, (−4, −0) వస్తుంది. (0, 0) లోంచి తీసివేస్తే కల్పిత భాగం 0 − 0, అది +0. (−1, 0)తో గుణిస్తే కల్పిత భాగంలో +0కి −0 కలుస్తుంది, ఫలితం మళ్లీ +0. బడిలో ఈ మూడూ ఒకటే. లైబ్రరీలో మొదటిది కిందిగట్టున దిగుతుంది, మిగతా రెండూ పైగట్టున. ఒక అభ్యాసకుడు కోడ్‌ని చక్కబెడుతూ మైనస్ ఒకటితో చేసిన గుణకారాన్ని ఉత్త మైనస్‌గా మార్చాడంటే చాలు, వర్గమూలం గుర్తు మారిపోతుంది.

తయారుచేసేటప్పుడూ ఇదే జాగ్రత్త కావాలి. పైథాన్‌లో −4 − 0జె అని నేరుగా రాస్తే, 3.14కి ముందు వెర్షన్లలో ముందు −4ని (−4, +0)గా మార్చి, దాన్నుంచి (0, 0) తీసేవాళ్లు. దాంతో మనం రాసిన మైనస్ సున్నా ప్లస్ సున్నా అయిపోయేది. 3.14లో వాస్తవ, సంకీర్ణ సంఖ్యలు కలిసే నియమాన్ని సీ99 పద్ధతికి మార్చారు, ఇప్పుడు గుర్తు నిలుస్తుంది. వెర్షన్ మీద ఆధారపడే రాత ఎందుకు? కాంప్లెక్స్ అనే కన్‌స్ట్రక్టర్‌కి రెండు భాగాలూ విడివిడిగా ఇవ్వండి, ఏ వెర్షన్‌లోనైనా ఇచ్చినది ఇచ్చినట్టే ఉంటుంది. సీలో ఇదే పని కోసం సీ11లో పెద్దక్షరాల సీఎంపీఎల్ఎక్స్ మాక్రో పెట్టారు. అంతకుముందులా కల్పిత భాగాన్ని ఐతో గుణించి కలిపితే, ఆ భాగం అనంతం అయినప్పుడు అనంతం ఇంటూ సున్నా జరిగి వాస్తవ భాగం నాన్ (సంఖ్యే కాదని చెప్పే విలువ) అయి కూర్చుంటుంది.

సీ ప్లస్ ప్లస్‌లో ఇంకో గొయ్యి ఉంది. సమానం గుర్తు పెట్టి కుండలీకరణాల్లో 3, 4 అని రాస్తే కంపైలర్ దాన్ని కామా ఆపరేటర్‌గా చదువుతుంది. 3ని పక్కన పడేసి, 4 మాత్రమే తీసుకుంటుంది. చేతికొచ్చేది (4, 0). మీసాల కుండలీకరణాలు వాడితే ఈ బాధ ఉండదు.

బడి సూత్రాలు చెల్లనిచోట

గుణకారానికి వర్గమూలం, వర్గమూలాల గుణకారం ఒకటే అని ధన సంఖ్యలతో నేర్చుకున్నాం. మైనస్ ఒకటిని మైనస్ ఒకటితో గుణిస్తే 1, దాని వర్గమూలం 1. విడివిడిగా వర్గమూలాలు తీసి గుణిస్తే −1. సంవర్గమానాల మొత్తం కూడా అంతే, రెండు కోణాలూ కలిపి 180 దాటితే 360 డిగ్రీల తేడా, అంటే కల్పిత భాగంలో 2π తేడా వస్తుంది.

ఇది అందరికీ తెలిసిన ఉదాహరణే, అందుకే ఎవరూ భయపడరు. అసలు దెబ్బ తగిలే ఉదాహరణ చెబుతాను. విమానం రెక్క చుట్టూ గాలి ప్రవాహం లెక్కకట్టడానికి వాడే జుకోవ్‌స్కీ రూపాంతరాన్ని వెనక్కి తిప్పాలంటే, కొలమానాలు సరిచేశాక, జెడ్‌కి జెడ్² − 1 వర్గమూలం కలపాలి. ఫలితం యూనిట్ వృత్తం బయట పడాలి. కాగితం మీద ఉన్నట్టే జెడ్² − 1 కట్టి, వర్గమూలం తీశారనుకోండి. జెడ్ = 2 దగ్గర 2 + 1.732, అంటే 3.732, వృత్తం బయటే ఉంది, బాగుంది. జెడ్ = −2 దగ్గర? జెడ్² − 1 మళ్లీ 3, వర్గమూలం 1.732, ఫలితం −0.268. వృత్తం లోపల పడింది. రావాల్సింది −3.732.

ఇది ఒక్క బిందువు సమస్య కాదు. జెడ్ = (0.1, 1) దగ్గర వర్గమూలం సుమారు (0.07, 1.41). కాస్త ఎడమకి జరిగి (−0.1, 1) దగ్గరికి వస్తే సుమారు (0.07, −1.41). కల్పిత అక్షం దాటగానే కల్పిత భాగం గుర్తు తిరగబడింది. ఫార్ములాలో అక్కడ కోత ఉండాల్సిన పని లేదు. జెడ్‌ని వర్గం చేయడంవల్ల కల్పిత అక్షం మొత్తం రుణ వాస్తవ అక్షం మీదికి వెళ్లి పడింది, అక్కడ వర్గమూలం కోత కాచుకుని ఉంది. రెక్కకి ఎడమ సగం లెక్క అంతా తప్పు.

సరిచేయడం చాలా తేలిక. జెడ్ − 1కి ఒక వర్గమూలం, జెడ్ + 1కి ఒక వర్గమూలం విడిగా తీసి, రెండూ గుణించండి. ఇప్పుడు −2 దగ్గర (0, 1.732), (0, 1)ల లబ్ధం −1.732, కలిపితే −3.732. ఎడమవైపు రెండు కోతలూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. −1 నుంచి 1 దాకా ఉన్న ముక్క మీద మాత్రమే కోత మిగులుతుంది, అది సరిగ్గా ఉండాల్సిన చోటే. ఒక వర్గమూలం ఎక్కువ ఖర్చు, అంతే. దీన్ని చూసి ఎవరైనా రెండు వర్గమూలాలు ఎందుకు, ఒకటిగా కుదిస్తే సరిపోతుంది కదా అని చక్కబెడితే మొదటికొస్తుంది. అందుకే ఇలాంటి వరుస పక్కన వ్యాఖ్య తప్పకుండా రాయాలి: కోత ఎక్కడుంది, ఎందుకు కుదించకూడదు అని.

విలోమ త్రికోణమితి ఫంక్షన్ల కోతలు వేరే చోట ఉంటాయి. విలోమ సైన్, విలోమ కొసైన్‌లకి వాస్తవ అక్షం మీద −1కి ఎడమన, 1కి కుడిన. విలోమ ట్యాంజెంట్‌కి కల్పిత అక్షం మీద, ఐకి పైన, −ఐకి కింద. పైథాన్ సీమ్యాత్ పత్రాల్లో కోత ఉన్న ప్రతి ఫంక్షన్ కిందా ఈ సమాచారం ఉంటుంది. రెండు నిమిషాల చదువు.

వాస్తవం నుంచి సంకీర్ణంలోకి ఎవరు దాటించాలి

మైనస్ ఒకటికి వర్గమూలం అడిగితే భాషలన్నీ ఒకేలా ప్రవర్తించవు. పైథాన్ మ్యాత్ మాడ్యూల్ ఎర్రర్ ఇస్తుంది, సీమ్యాత్ (0, 1) ఇస్తుంది. జూలియా డొమైన్ ఎర్రర్ ఇచ్చి, సంకీర్ణ సంఖ్యగా మార్చి ఇవ్వమంటుంది. నంపై (పైథాన్‌లో ఎరేల లెక్కల లైబ్రరీ) నాన్ ఇచ్చి ఒక హెచ్చరిక పడేస్తుంది, అదే సంఖ్యని సంకీర్ణ రకంగా ఇస్తే మాత్రం సరైన జవాబిస్తుంది. కామన్ లిస్ప్ అడక్కుండానే సంకీర్ణ సంఖ్య చేతిలో పెడుతుంది. ఫోర్ట్రాన్‌కి 1966 ప్రమాణంలోనే కాంప్లెక్స్ రకం ఉంది. గో భాష దాన్ని భాషలోనే పెట్టుకుంది. జావా, రస్ట్‌ల ప్రామాణిక లైబ్రరీల్లో అసలు లేదు, బయటి లైబ్రరీ తెచ్చుకోవాలి.

వీటిలో ఏది మంచిది? ఎర్రర్ ఇచ్చేదే మంచిది అంటాను. వర్గమూలం లోపలికి రుణ సంఖ్య వెళ్లడం తొంభై పాళ్లు పైన ఎక్కడో తప్పు జరిగిందనడానికి గుర్తు. అడక్కుండా సంకీర్ణ సంఖ్య ఇస్తే ఆ తప్పు ఇంకో వంద వరుసలు ప్రయాణించి, ఎక్కడో పెద్దది-చిన్నది పోల్చేచోట బయటపడుతుంది. సంకీర్ణ సంఖ్యలకి పెద్దా చిన్నా లేవు కదా. పైథాన్ అక్కడ టైప్ ఎర్రర్ ఇచ్చి కాపాడుతుంది. నంపై అలా కాదు, సంకీర్ణ ఎరేని వరుసలో పెట్టమంటే ముందు వాస్తవ భాగం, అది సమానమైతే కల్పిత భాగం చూసి పెట్టేస్తుంది. మాపం ప్రకారం వరుస కావాలంటే మాపాలు కట్టి, వాటి వరుసతో సూచికలు తీసుకోవాలి.

పైథాన్ రెండు మాడ్యూళ్లు విడిగా ఉంచడం సరైన పని. కానీ ఘాతం ఆపరేటర్ దగ్గర ఆ గోడకి కన్నం ఉంది. మైనస్ 8ని కుండలీకరణంలో పెట్టి 1/3 ఘాతానికి ఎత్తితే పైథాన్ 3లో ఎర్రర్ రాదు, సుమారు (1, 1.732) వస్తుంది. చాలామంది −2 కోసం చూస్తారు. మైనస్ ఎనిమిది కోణం 180, దాన్ని మూడుతో భాగిస్తే 60 డిగ్రీలు, మాపం 2, అందుకే ఆ జవాబు. సూత్రం ప్రకారం సరైనదే, అడిగినవాడికి కావలసింది మాత్రం కాదు. పైథాన్ 2 ఇక్కడ ఎర్రర్ ఇచ్చేది, నా దృష్టిలో అదే మేలు. వాస్తవ ఘనమూలం కావాలంటే పైథాన్ 3.11 నుంచి మ్యాత్‌లో విడిగా ఘనమూలం ఫంక్షన్ ఉంది, దాన్నే వాడండి.

సీలో పరిస్థితి ఇంకా జాగ్రత్తగా చూడాల్సింది. సంకీర్ణ సంఖ్యని మామూలు వర్గమూలం ఫంక్షన్‌కి ఇస్తే కంపైలర్ కల్పిత భాగాన్ని చప్పుడు లేకుండా వదిలేసి వాస్తవ భాగాన్ని పంపుతుంది, భాష నియమాలు దానికి ఒప్పుకుంటాయి. (3, 4)ని ఏబీఎస్‌కి ఇస్తే అది పూర్ణాంకాల ఫంక్షన్ కాబట్టి 3 వస్తుంది, 5 రాదు. ముందు సీ అక్షరం ఉన్న సీఏబీఎస్ పిలవాలి, లేదా టీజీమ్యాత్ హెడర్ చేర్చుకుని రకాన్ని బట్టి ఎంచుకోనివ్వాలి. సీ ప్లస్ ప్లస్‌లో ఏబీఎస్ సరిగ్గానే పనిచేస్తుంది, అక్కడ మోసం చేసేది నార్మ్ అనే పేరు. అది పొడవు ఇవ్వదు, పొడవు వర్గం ఇస్తుంది. (3, 4)కి 25.

ఇక వెనుక దారి, అంటే సంకీర్ణం నుంచి వాస్తవంలోకి. ఇక్కడ రెండు చెడ్డ అలవాట్లు పాతుకుపోయాయి. ఒకటి, కల్పిత భాగం కనబడగానే వాస్తవ భాగం మాత్రం తీసుకుని మిగతాది పారేయడం. రెండోది ఇంకా చెడ్డది, మాపం తీసుకోవడం. విలోమ ఎఫ్ఎఫ్‌టీ (ఫ్రీక్వెన్సీలుగా విడదీసిన సిగ్నల్‌ని తిరిగి కూర్చే లెక్క) తర్వాత మాపం తీస్తే సిగ్నల్‌లోని రుణ విలువలన్నీ ధనం అయిపోతాయి. రోగం ఒకటైతే మందు ఇంకొకటి.

సరైన పద్ధతి ఇది: కల్పిత భాగాల్లో అతి పెద్దదాన్ని కట్టండి, దాన్ని మొత్తం ఎరేలోని అతి పెద్ద మాపంతో భాగించండి. డబుల్ ప్రెసిషన్‌లో (64 బిట్ల సంఖ్యల్లో) అది 10⁻¹² కంటే చిన్నదైతే పారేయవచ్చు. పెద్దదైతే ప్రోగ్రాంని ఆపండి, సౌష్ఠవం ఎక్కడో చెడింది. ఎఫ్ఎఫ్‌టీలో ఫిల్టర్ వేసేటప్పుడు ధన ఫ్రీక్వెన్సీలకి వేసి రుణ ఫ్రీక్వెన్సీలకి వేయడం మరచిపోతే సరిగ్గా ఇలాగే బయటపడుతుంది. ఇన్‌పుట్ ఎలాగూ వాస్తవమే అయితే వాస్తవ ఎఫ్ఎఫ్‌టీ ఫంక్షన్ వాడండి. పొడవు ఎన్ సరిసంఖ్య అయితే ఎన్/2 + 1 విలువలే ఇస్తుంది, రెండో సగం గురించి బెంగ ఉండదు.

ఒకే కొలబద్ద అన్నిచోట్లా పనికిరాదు. మూడు మూలాలూ 1 అయిన ఘన సమీకరణం గుణకాలు 1, −3, 3, −1. దాన్ని నంపై మూలాల ఫంక్షన్‌కి ఇస్తే కల్పిత భాగాలు 10⁻⁵, 10⁻⁶ స్థాయిలో తేలతాయి. గుణకాల్లో 2.2 × 10⁻¹⁶ కదలిక మూడింతల మూలాన్ని దాని ఘనమూలం మేర, అంటే దాదాపు 6 × 10⁻⁶ కదిలిస్తుంది. నంపైలోని దగ్గరైతే వాస్తవం చేసే ఫంక్షన్ డిఫాల్ట్ హద్దు 100 ఎప్సిలాన్లు (ఒక ఎప్సిలాన్ అంటే ఆ 2.2 × 10⁻¹⁶), సుమారు 2.2 × 10⁻¹⁴. కాబట్టి దాన్ని శుభ్రం చేయదు. చేయకపోవడమే న్యాయం, అక్కడ నిజంగానే అన్ని అంకెలు పోయాయి.

ఇంకో చిక్కు: నంపై మూలాల ఫంక్షనూ, ఐగన్ విలువల ఫంక్షనూ డేటాని బట్టి ఒకసారి వాస్తవ ఎరే, ఇంకోసారి సంకీర్ణ ఎరే ఇస్తాయి. టెస్టులో వాస్తవం వచ్చింది కదా అని వాస్తవ ఎరేలో దాచుకుంటే, తర్వాతెప్పుడో సంకీర్ణం వచ్చినప్పుడు కల్పిత భాగం రాలిపోతుంది. హెచ్చరిక ఒకటి వస్తుంది, లాగ్‌లో ఎవరూ చూడరు. ఫలితాన్ని ఎప్పుడూ సంకీర్ణ రకంగా మార్చి ఉంచుకుని, వాస్తవం కావలసినచోట పైన చెప్పిన పరీక్ష చేసి దింపండి.

రెండు డబుల్సే కదా, నేనే రాసుకుంటాను

ఈ మాట చాలాసార్లు వినిపిస్తుంది. కూడిక, తీసివేత వరకు నిజమే. మాపం దగ్గరే బోల్తా పడతారు. (3 × 10²⁰⁰, 4 × 10²⁰⁰) మాపం 5 × 10²⁰⁰. వర్గాలు కూడి వర్గమూలం తీద్దామంటే 10⁴⁰⁰ డబుల్‌లో పట్టదు, హద్దు 1.8 × 10³⁰⁸. అనంతం వస్తుంది. ఘాతం −200 అయితే వర్గాలు సున్నా అయిపోతాయి. హైపాట్ ఫంక్షన్ ముందు పెద్దదాన్ని బయటికి తీసి, లెక్కకట్టి, మళ్లీ గుణిస్తుంది. 10²⁰⁰ మనకెందుకొస్తుంది అనుకోవద్దు. మెమరీ కలిసొస్తుందని సింగిల్ ప్రెసిషన్ సంకీర్ణ ఎరేలు వాడేవాళ్లకి హద్దు 3.4 × 10³⁸, అంటే 2 × 10¹⁹ దాటిన విలువకే వర్గం పొంగిపోతుంది.

భాగహారం కూడా ఇంతే. హారం సంయుగ్మంతో పైనా కిందా గుణించే పద్ధతిలో (10²⁰⁰, 10²⁰⁰)ని దానితోనే భాగిస్తే 1 రావాలి, వచ్చేది రెండు నాన్‌లు. స్మిత్ 1962లో ఇచ్చిన పద్ధతి దీనికి మందు: హారంలో పెద్ద భాగం ఏదో చూసి, చిన్నదాన్ని దానితో భాగించి, ఆ నిష్పత్తితోనే మిగతా లెక్క చేయాలి. అప్పుడు వర్గాలు ఎక్కడా పుట్టవు. గుణకారంలో అనంతం వచ్చినప్పుడూ ఇదే తంతు: రెండు భాగాలూ అనంతమైన సంఖ్యని (1, 0)తో మామూలుగా గుణిస్తే అనంతం ఇంటూ సున్నా వల్ల రెండు భాగాలూ నాన్ అవుతాయి. సీ99 జి అనుబంధం పాటించే కంపైలర్లు అలాంటప్పుడు వెనక్కి వెళ్లి అనంతాన్ని తిరిగి నిలబెడతాయి. దానికి కొంత వేగం ఖర్చవుతుంది. జీసీసీ కంపైలర్‌లో పరిమిత పరిధి ఫ్లాగ్ పెట్టి ఆ ఖర్చు తప్పించుకోవచ్చు, డేటాలో అనంతాలు, మరీ పెద్ద విలువలు రావని తెలిసినప్పుడు మాత్రమే.

సంవర్గమానం ఇంకా సున్నితం. (1, 10⁻¹⁰) తీసుకుంటే మాపం 1 + 5 × 10⁻²¹. డబుల్‌లో అది అచ్చంగా 1, సంవర్గమానం సున్నా. నిజమైన జవాబు 5 × 10⁻²¹. మొత్తం అంకెలన్నీ పోయాయి. పైథాన్ సీమ్యాత్ లోపల మాపం ఒకటికి దగ్గరగా ఉన్నప్పుడు దారి మార్చి, (వాస్తవ భాగం − 1)ని (వాస్తవ భాగం + 1)తో గుణించి, కల్పిత భాగం వర్గం కలిపి, లాగ్1పీ (ఇచ్చినదానికి ఒకటి కలిపి సంవర్గమానం కట్టే ఫంక్షన్) తీసి సగం చేస్తుంది. సొంతంగా మాపం కట్టి సంవర్గమానం తీసేవాళ్లకి ఇది దక్కదు.

ఘాతాలకి మాత్రం లైబ్రరీని ఊరికే నమ్మకూడదు. సీలో ఐని సీపౌ అనే సంకీర్ణ ఘాతం ఫంక్షన్‌తో వర్గం చేస్తే (−1, 1.22 × 10⁻¹⁶) వస్తుంది. సంవర్గమానం తీసి, రెండుతో గుణించి, ఎక్స్‌పొనెన్షియల్ కట్టే దారిలో వెళ్లడమే కారణం. ఇప్పటి పైథాన్ 100 లోపు పూర్ణాంక ఘాతాలకి గుణకారాలే చేస్తుంది, అందుకే అక్కడ శుభ్రంగా −1. సీ కుటుంబంలో చిన్న పూర్ణాంక ఘాతం కావాలంటే నేరుగా గుణించుకోండి, వేగమూ మెరుగే.

ఆ 1.22 × 10⁻¹⁶ ఎక్కడిదో తెలుసుకోదగ్గదే. పైథాన్‌లో ఐ ఇంటూ πకి ఎక్స్‌పొనెన్షియల్ తీసినా అదే వస్తుంది. చాలామంది దీన్ని ఫంక్షన్ దోషం అంటారు, అన్యాయం. డబుల్‌లో ఉన్న π విలువ అసలు π కంటే సరిగ్గా అంత తక్కువ. ఇచ్చిన కోణానికి సైన్ విలువ నిజంగానే అది. ఫంక్షన్ చివరి అంకె దాకా సరైన జవాబే చెప్పింది.

కోణాలని దాచుకోవద్దు

సంకీర్ణ సంఖ్యని కోణంగా మార్చి, కోణాలతో లెక్కలు చేసి, చివర్న తిరిగి మార్చేవాళ్లకి ఒక విన్నపం: వీలైనంత వరకు ఆ పని చేయకండి. 179 డిగ్రీలు, −179 డిగ్రీల సగటు సున్నా అంటుంది కూడిక. అసలు దిశ 180. సంఖ్యల్ని వాటి మాపాలతో భాగించి, సంకీర్ణ సంఖ్యలుగానే సగటు తీసి, చివర్న ఒక్కసారి కోణం అడగండి. రెండు సిగ్నళ్ల మధ్య కోణం తేడా కావాలన్నా అంతే, ఒకదాన్ని రెండోదాని సంయుగ్మంతో గుణించి లబ్ధం కోణం తీయండి. రెండు కోణాలు తీసి తేడా కడితే 360 డిగ్రీల దూకుళ్లు సర్దడానికే సగం కోడ్ అవుతుంది.

కోణాల వరుసని విప్పే అన్‌వ్రాప్ ఫంక్షన్ పక్కపక్క విలువల తేడా 180 డిగ్రీలు దాటదన్న నమ్మకం మీద నడుస్తుంది. కొలతలు పలచగా ఉండి, నిజంగానే 200 డిగ్రీలు తిరిగితే, అది −160 అని తీర్మానిస్తుంది. దానికి ఏ మందూ లేదు, దగ్గరదగ్గరగా కొలవడం తప్ప. మాపం సున్నాకి దగ్గరైన చోట కోణం ఉత్త చప్పుడే, గ్రాఫ్‌లో వేసే ముందు అతి పెద్ద మాపంలో లక్షో వంతు కంటే చిన్నవాటిని తొలగించండి. అచ్చమైన సున్నా దగ్గర కూడా గుర్తు ఆట ఆడుతుంది: (0, 0) కోణం సున్నా, (−0, 0) కోణం π.

సంయుగ్మం మరచిపోవడం మరో తరచు తప్పు. (1, 0), (0, 1) అనే రెండు మూలకాల వెక్టార్ పొడవు వర్గం 2. సంయుగ్మం తీసుకోకుండా తనతో తనే డాట్ గుణకారం చేస్తే 1 − 1, సున్నా. నంపైలో డాట్ సంయుగ్మం తీయదు, వీడాట్ మొదటిదానికి తీస్తుంది. మ్యాట్‌ల్యాబ్‌లో ఉత్త అపోస్ట్రఫీ సంయుగ్మంతో కలిపి తిప్పుతుంది, ముందు చుక్క పెడితే ఉత్తినే తిప్పుతుంది. నంపై పెద్దక్షరం టీ ఉత్తినే తిప్పుతుంది. మ్యాట్‌ల్యాబ్ నుంచి నంపైకి కోడ్ మార్చేటప్పుడు ప్రతి అపోస్ట్రఫీ దగ్గరా ఆగి చూడాలి.

టెస్టులు

సంకీర్ణ ఫంక్షన్ ఏది రాసినా మొదటి టెస్టు కోతకి రెండు గట్లూ: (−4, +0), (−4, −0), ఆ తర్వాత (−4, 10⁻³⁰⁰), (−4, −10⁻³⁰⁰). అటు రెండూ, ఇటు రెండూ కలవాలి. తర్వాత సంయుగ్మ సౌష్ఠవం, నాలుగు పాదాల్లోనూ ఒక్కో బిందువు దగ్గర. వర్గమూలం వర్గం ఎక్కడైనా అసలు సంఖ్యకి సమానం కావాలి. ఎక్స్‌పొనెన్షియల్‌కి సంవర్గమానం తిరిగి అదే సంఖ్య అయ్యేది కల్పిత భాగం −π, π మధ్య ఉంటేనే, కాబట్టి ఆ హద్దు దాటిన బిందువులతో టెస్టు రాసి విఫలమైందని కంగారుపడకండి.

పోల్చడం భాగాలవారీగా చేయొద్దు. (1, 10⁻¹⁷), (1, −10⁻¹⁷)ల కల్పిత భాగాలు విడిగా చూస్తే వందకి వంద తప్పు, సంఖ్యలుగా చూస్తే తేడా లేనట్టే. తేడా మాపాన్ని సంఖ్య మాపంతో పోల్చండి. పైథాన్ సీమ్యాత్‌లోని ఈజ్‌క్లోజ్ ఇదే చేస్తుంది, కానీ దాని నిరపేక్ష హద్దు డిఫాల్ట్‌గా సున్నా, సున్నా కానిదేన్నైనా సున్నాతో పోలిస్తే ఎప్పుడూ కాదంటుంది. ఆ హద్దు మీరే ఇవ్వాలి. సున్నా గుర్తుని పరీక్షించడానికి సమానత్వం పనికిరాదు, రెండు సున్నాలూ సమానమే కదా. కాపీసైన్‌తో ఆ గుర్తుని ఒకటి మీదికి తెచ్చి చూడండి.

చివరిగా, ఈ టెస్టులు నడిచే బిల్డ్‌కీ విడుదల చేసే బిల్డ్‌కీ ఒకే ఫ్లాగులు ఉన్నాయో లేదో చూసుకోండి. జీసీసీలో ఫాస్ట్‌మ్యాత్ ఫ్లాగ్ పెడితే సున్నా గుర్తుని పట్టించుకోనక్కర్లేదని, నాన్‌లూ అనంతాలూ రావని, సంకీర్ణ గుణకార భాగహారాల్లో పరిధి చూడనక్కర్లేదని ఒకేసారి కంపైలర్‌కి చెప్పినట్టు. డీబగ్ బిల్డ్‌లో (−4, −0)కి (0, −2) ఇచ్చిన కోడ్, విడుదల బిల్డ్‌లో (0, 2) ఇవ్వొచ్చు. సంకీర్ణ ఫంక్షన్లున్న ఫైళ్లని ఆ ఫ్లాగ్ లేకుండా విడిగా కంపైల్ చేయండి, మిగతా ఫైళ్లకి కావాలంటే ఉంచుకోండి.